మూడు నెలల కిందటి వెంట్రుక

దువ్వెనకి వచ్చిందంతా ఉండ చుట్టి
గోడ కంతలో కుక్కుతాను పొద్దున్నే.
అమ్మ నేర్పిన అలవాటు. రాలిన జుట్టు వీధిలో పారెయ్యకూడదు,
పిట్ట ఎత్తుకుపోయి గూట్లో పెట్టుకుంటే
మన తలనొప్పి తగ్గదట.
అప్పట్లో కంత నిండటానికి ఏడాది పట్టేది.
ఇప్పుడు పదిహేను రోజులు.

పదకొండేళ్ళు జూట్ మిల్లులో చేశాను, స్పిన్నింగ్ ఖాతాలో.
నెల్లిమర్ల దారిలో, చంపావతి గాలి ఒంటికి తగలని షెడ్డు.
నార దుమ్ము కనురెప్పల మీద పసుపులా దిగేది.
చేరిన రోజునే మేస్త్రీ చెప్పాడు:
"తలగుడ్డ గట్టిగా కట్టు పారమ్మా,
మిషను నారేదో జుట్టేదో చూడదు."
కట్టాను. రోజూ. మూడు ముడులు.
ఒకసారి తవిటమ్మ జడ కొస రోలరు అంచుకి తగిలింది,
ఎవరో మిషను ఆపబట్టి బతికింది.
ఆ రాత్రి ఇంటికొచ్చి నా జడని
చంటిపిల్లని తడిమినట్టు తడుముకున్నాను.
పదకొండేళ్ళలో ఆ మిషను
నా నెత్తి మీంచి ఒక్క వెంట్రుక తీసుకోలేదు.

ఆగిపోయాక మొదలెట్టింది.

ముందు తలగడ మీద.
తర్వాత స్నానాల గది తూము దగ్గర, నీళ్ళు పోక మడుగు కడితే
వంగి చూశాను. నార పోగులనుకున్నాను, ఒక్క క్షణం,
చెయ్యి పని కోసం ముందుకెళ్ళింది కూడా.
ఒకరోజు అన్నంలో.
మా ఇంటాయన చూశాడు. ఏమీ అనలేదు.
రెండు వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టి
మళ్ళీ కలుపుకున్నాడు.
అరిచి ఉంటే బాగుండేది.
మిల్లు నడిచిన రోజుల్లో అరిచేవాడే.

విజయనగరం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల.
ఒత్తుగా ఉంది ఆమె జడ, అదే చూస్తూ కూచున్నాను.
నా పాయ ఒకటి పట్టి మెల్లిగా లాగింది,
ఏడో ఎనిమిదో వేళ్ళకి వచ్చేశాయి.
"మూడు నెలల కిందట జ్వరమేమైనా వచ్చిందా? కాన్పు? ఆపరేషను?"
లేదన్నాను.
"మరి గట్టి దిగులేదైనా?"
వేళ్ళు మడిచాను. ఫాల్గుణం, మాఘం, పుష్యం...
గేటుకి కాయితం అంటించింది మార్గశిరంలో, లక్ష్మివారం.
పూజ చేసుకుని, కుంకం ఆరకుండానే వెళ్ళాను ఆ పొద్దున.
తాళం కొత్తది. ఇంకా నూనె వాసన వేస్తోంది.

"జుట్టుకి కబురు ఆలస్యంగా అందుతుందమ్మా.
వేరు ఆనాడే చెయ్యి వదిలేస్తుంది, రాలటం ఇప్పుడు."
మళ్ళీ వస్తుందంది.
ఐరన్ బిళ్ళలు, గుడ్డు, తోటకూర.
ఆలోచనలు తగ్గించమంది,
దానికి మాత్రం చీటీలో ఏమీ రాయలేదు.

నిన్న గురయ్య వచ్చాడు, సైకిలుకి స్టీలు సామాను వేలాడేసుకుని.
"సిక్కెంటికలు కొంటాం... సవరాలు కొంటాం..."
కంత ఖాళీ చేసి ఇచ్చాను.
చిన్న తాసులో పెట్టాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది.
నా మార్గశిరానికి
ఒక టీ వడకట్టు, ఒక చెంచా.
"ఏటోనప్పా, ఊరంతా తిరిగితే సగం సంచి,
మీ మిల్లు లైన్లో నాలుగు ఈదులకే మూట నిండిపోతంది.
నూనేటైనా మార్సినారేటి, అందరూ?"

నవ్వొచ్చింది.
ఎదురు గుమ్మంలో తవిటమ్మకీ వచ్చింది.
నవ్వుతూ నవ్వుతూనే తల మీదికి కొంగు లాక్కుంది.
ఏ నూనో మేమిద్దరం చెప్పలేదు.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో చర్చలంటున్నారు.
మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.
నేను తలగుడ్డ ఉతికి ఆరేశాను, ఊరికే.
రేపే తాళం తీసినా
నా నెత్తికి ఆ కబురు చేరేసరికి జ్యేష్ఠం దాటుతుంది.
ఈలోగా గురయ్య మళ్ళీ వస్తాడు.
ఈసారి గిన్నె అడుగుతాను.
మూతతో సహా.